ఎండిన గడప

మా అమ్మ చంద్రమ్మ పదకొండేళ్ళుగా గచ్చిబౌలిలో ఒక ఐటీ కంపెనీ మూడో అంతస్తు తుడుస్తోంది. ఈ పదకొండేళ్ళలో ఆమె ఫ్లోర్‌లో ఒక్క మనిషి జారి పడలేదు. తడిగుడ్డ పెట్టే ముందే పసుపురంగు బోర్డు పెడుతుంది, నేల ఆరాకే తీస్తుంది. మధ్యలో మేనేజర్ వచ్చినా "జర ఆగు సార్, తడున్నది" అని నిలబెట్టేస్తుంది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. లేకపోతే తర్వాత ఆమె చేసిన పని మీకు పిచ్చిగా కనిపిస్తుంది.

నేను ఆమె పెద్ద కొడుకుని, మొగిలిని. చందానగర్ నుంచి గచ్చిబౌలికి ఏడేళ్ళు ఆఫీసు బస్సు నడిపాను. మాకొక కూతురు, యశస్విని. నా భార్య కళ్యాణి నర్సు. రెండేళ్ళపాటు డ్యూటీ దిగి నేరుగా చందానగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ మీదున్న క్లాసుకి వెళ్ళి జర్మన్ నేర్చుకుంది. చివరికి ఆస్ట్రియా దేశంలో, పెద్ద కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో, వృద్ధాశ్రమంలో ఉద్యోగం వచ్చింది. ఆ ఊరి పేరు సరిగ్గా పలకడానికి నాకే రెండు నెలలు పట్టింది. ఇక్కడ రాసి మిమ్మల్ని తిప్పలు పెట్టను.

"నువ్వు పోతవ్, పని చేస్తవ్. నేనేం చెయ్యాలె ఆడ?" అని అడిగాను, మా ఖాజాగూడ ఇంటి అరుగు మీద కూర్చుని.

"బస్సులు ఆడ గూడ ఉంటయి. లైసెన్సు పరీక్ష మల్ల ఇయ్యాలె, అంతే," అంది కళ్యాణి. "అప్పటిదాక యశస్వినిని చూసుకో, ఇల్లు చూసుకో."

"ఇల్లు చూసుకునుడా?"

"ఏంది, ఇన్నొద్దులు నేను చూసుకోలేదా?"

అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ, చెప్పులు విడుస్తూ నవ్వింది. "పోరాదురా. ఆడ ఎట్లుంటదో నాకు గూడ తెలుస్తది. ఫోన్ల చెప్పు."

నిజానికి నా ఆశ కూడా అదే. ఏడేళ్ళు అదే రోడ్డు, అవే సిగ్నళ్ళు. మంచు మీద నడిస్తే చప్పుడు వస్తుందా రాదా అన్నది అప్పట్లో నాకు చాలా పెద్ద ప్రశ్న. వస్తుంది. ఎండు కొబ్బరి కొరికినట్టు వస్తుంది.

బయలుదేరే రోజు అమ్మ ఒక్కటే మాట చెప్పింది. "రోజు పొద్దుగాల ఇంటి ముంగట నీళ్ళు చల్లు, మర్వకు. ఎవలన్న పోయిన ఇంటికే గడప ఎండి ఉంటది. బతికున్నోళ్ళ గడప ఎండొద్దు."

మా వైపు దీన్ని సాన్పి అంటారు. వెనకట పేడ కలిపి చల్లేవారు, ఇప్పుడు మా గల్లీలో ఉత్త నీళ్ళే. ఊడ్చి, నీళ్ళు చల్లి, ముగ్గేస్తేనే ఆ ఇంట్లో తెల్లవారినట్టు లెక్క. అది ఆడవాళ్ళ పని, నా నలభై ఏళ్ళలో ఒక్కసారి కూడా చేసి ఎరగను. అయినా సరేనన్నాను. అప్పటికే ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

*

నవంబరు మొదట్లో దిగాం. ఊరంతా కలిపి అరవై ఇళ్ళుంటాయేమో. ఒక చర్చి, ఒక బడి, ఒక కిరాణా కొట్టు, పొద్దున మూడు బస్సులు, సాయంత్రం మూడు బస్సులు. మొదటి వారం నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు, చప్పుడు లేక. ఖాజాగూడలో మా ఇంటి వెనకాల ఎప్పుడూ ఏదో ఒక టవర్ లేస్తూనే ఉంటుంది, కాంక్రీటు మిక్సర్ల మోతలో పడుకోవడం అలవాటైన చెవులు నావి. ఇక్కడ నా గుండె నాకే వినిపించేది.

ప్రశ్నలు మాత్రం పుట్టలు పుట్టలుగా వచ్చేవి. ఇంత గడ్డి ఉన్న ఊళ్ళో ఆవులేవి? కొట్టాల్లో ఉన్నాయట, మంచు కరిగేదాకా బయటికి రావట. కట్టెలను గోడకి అంత లెక్కగా ఎందుకు పేరుస్తారు? ఎముకలు కొరికే చలిలో పొద్దున్నే కిటికీలన్నీ ఎందుకు బార్లా తెరుస్తారు? దారిలో ఎదురైన ప్రతి మనిషీ ఎందుకు పలకరిస్తాడు? గచ్చిబౌలిలో తెలియనివాడు పలకరిస్తే ముందు జేబు తడుముకుంటాం. కళ్యాణి డ్యూటీ నుంచి రాగానే ఇవన్నీ ఆమె ముందు గుమ్మరించేవాణ్ణి.

"బడికి పోవాల్సింది నువ్వు, యశస్విని కాదు," అనేది కళ్యాణి.

ఒకటి మాత్రం వెంటనే నచ్చింది. చందానగర్ క్లాసులో ఆఖర్న కొన్నాళ్ళు నేనూ కూర్చున్నాను. అక్కడ జర్మన్ చెప్పిన భీమవరం సారు ప్రతి ఒక్కరినీ 'మీరు' అనాలండీ అని పట్టుబట్టి నేర్పాడు. ఇక్కడికొస్తే, కొండల్లో వెయ్యి మీటర్ల ఎత్తు దాటాక ముసలివాళ్ళనైనా సరే అందరూ 'నువ్వు' అనే అంటారట. మా తెలంగాణోళ్ళకి ఇక కొత్తగా నేర్చుకునేదేముంది.

మా ఇల్లు హెడ్విగ్ అనే డెబ్బై ఎనిమిదేళ్ళ ఆవిడది. మా ఇంట్లో మాటల్లో ఆమె వారం తిరక్కుండానే హెడ్విగమ్మ అయిపోయింది. ఆవిడ కింద, మేం పైన. గుమ్మం మాత్రం ఇద్దరికీ ఒకటే, గుమ్మం ముందు నల్లరాతి పలకలు. మొదటి రోజే మమ్మల్ని ముగ్గుర్నీ వంటింట్లో కూర్చోబెట్టి చెప్పింది.

"ఎండాకాలం చూసి వచ్చినవాళ్ళు చలికాలం చూసి వెళ్ళిపోతారు. ఇద్దర్ని చూశాను. అందుకని ఈ చలికాలం గడవనీ. ఫిబ్రవరి ఆఖరుకి మీరు నాకు, నేను మీకు నచ్చితే ఏడాది కిరాయి కాగితం మీద సంతకం పెడతాను."

ఆ సంతకం మీదే మా బతుకంతా ఉంది. కళ్యాణి ఉండటానికి ఆమె ఉద్యోగం చాలు. నాకూ యశస్వినికీ అలా కాదు. ఏడాదిపాటు ఉండటానికి ఇల్లుందని ఫిబ్రవరి నెలాఖరులోగా వీసా ఆఫీసులో చూపించాలి, చూపించకపోతే మేమిద్దరం తిరుగు విమానం ఎక్కాలి. ఊళ్ళో కిరాయికి ఇంకో ఇల్లు లేదు. అడగని గుమ్మం లేదు.

ఇంటి ముందు మంచు తీసే పని మాది. పొద్దున ఆరింటికల్లా పారతో పక్కకి తోసి, ఎవరూ జారకుండా సన్న కంకర చల్లాలి. మన మేస్త్రీలు బేబీ చిప్స్ అంటారే, అలాంటిదే. నాకది లెక్కలోది కాదు, నాలుగింటికి లేచి బస్సు కడుక్కున్నవాణ్ణి. హెడ్విగమ్మ కిటికీలోంచి చూస్తుండేది. డిసెంబరు నడుమ ఒకరోజు కిటికీ తెరిచి, "నీ గీత తిన్నగా ఉంది," అంది. మంచు కోసిన అంచు గురించి ఆ మాట. డ్రైవర్ని కదా, లైను తప్పను. ఆ ఒక్క మాటకి రోజంతా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

అమ్మ తన టీ బ్రేక్‌లో ఫోన్ చేసేది. అక్కడ పదిన్నర దాటితే ఇక్కడ ఆరు దాటుతుంది. కంపెనీ వెనక మెట్ల మీద నిలబడి ఆమె అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ అదే.

"నీళ్ళు చల్లినవా?"

"చల్లిన."

రెండు నెలలకి పైగా పచ్చి అబద్ధం ఆడాను.

*

జనవరి రెండో వారం ఏదీ కలిసి రాలేదు. నా లైసెన్సు పరీక్ష ఏప్రిల్‌కి జరిపామని ఉత్తరం వచ్చింది. యశస్వినికి గొంతు వాచి జ్వరం. కళ్యాణి ఇంటికొచ్చాక మాట్లాడటం తగ్గించేసింది. అమ్మకి గొంతు వింటే చాలు, అన్నీ తెలిసిపోతాయి.

"నిజం జెప్పు. గడప ఎండబెట్టినవ్ గదా?"

"చలి బాగున్నదమ్మా."

"చలికి నీళ్ళు చల్లరా? వేడినీళ్ళు కలుపుకో. చెయ్యి పడిపోతదా ఏంది?"

మర్నాడు లేచాను. కొత్త మంచు పడలేదు, ఆకాశం శుభ్రంగా ఉంది, గోడకున్న మీటరు మైనస్ పద్నాలుగు చూపిస్తోంది. పది రోజులుగా చల్లిన కంకర పేరుకుపోయి గుమ్మం ముందంతా సగం కట్టి వదిలేసిన బిల్డింగులా ఉంది. నీళ్ళు చల్లే చోట ఇంత చెత్త ఉంటుందా అని మొత్తం ఊడ్చి పక్కకి నెట్టాను. నల్లరాయి నిగనిగలాడుతూ బయటపడింది. పైకెళ్ళి కెటిల్‌లో కాచిన నీళ్ళు బకెట్లో కలుపుకొచ్చాను. వేడినీళ్ళు గడ్డకట్టవని నా ధీమా.

మణికట్టు విసురుతూ అమ్మ ఎలా చల్లుతుందో అలాగే చల్లాను. రాతి మీంచి ఆవిరి లేచింది. ఒక మగవాడు సాన్పి చల్లుతుంటే ఖాజాగూడలో అయితే గల్లీ అంతా పోగై నవ్వేది, ఇక్కడ చూసేవాళ్ళే లేరు. బియ్యప్పిండితో నాలుగు చుక్కలు పెట్టి, చుట్టూ గీత తిప్పాను. వంకరగా వచ్చింది గానీ వచ్చింది. నాకు చాలా బాగా అనిపించింది, ఆ దేశంలో దిగాక మొదటిసారి ఇంటి ముందు నిలబడ్డట్టు.

పైకొచ్చి టీ పెట్టుకున్నాను. అమ్మ ఫోన్.

"ఇయ్యాల నిజంగనే చల్లిన," అన్నాను.

"ముగ్గేసినవా?"

"ఏసిన."

కింద ఏదో బరువైనది పడిన చప్పుడైంది. నేను ఫోన్ పెట్టేసి మెట్లు దిగాను.

హెడ్విగమ్మ రాతి పలకల మీద కూర్చుని ఉంది, కాళ్ళు చాపి. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అది తనది కానట్టు దాన్నే చూస్తోంది. అరవలేదు, ఏడవలేదు. నైటీ మీదే పరిగెత్తుకొచ్చిన కళ్యాణి ఆవిడ చేతిని పత్రిక మడతలో పెట్టి కట్టింది, అంబులెన్సుకి ఫోన్ చేసింది. పక్కింటివాళ్ళు దుప్పటి తెచ్చారు. అందరూ ఆ చెయ్యే చూస్తున్నారు.

నేను తలుపు వెనక ఉన్న కంకర బకెట్టు తెచ్చి పలకల మీద మొత్తం బోర్లించాను. ముగ్గు ఐసులో బిగుసుకుని ఉంది. అది కనిపించకుండా కాలితో కంకర సర్దాను.

పక్కింటాయన నా భుజం తట్టాడు. "వెంటనే కంకర వేశావు, మంచి పని చేశావు. ఇదంతా ఇంటి కప్పు మీంచి కారిన నీళ్ళు. ఏటేటా ఎవరో ఒకరు పడుతూనే ఉంటారు."

నేను తల ఊపాను.

*

మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. కుడిచెయ్యి.

ఆ రోజు నుంచి హెడ్విగమ్మ పనులన్నీ నేనే చేశాను. కట్టెలు కొట్టాను, పొయ్యి రాజేశాను, బ్రెడ్డు కోసిచ్చాను. ఆమె ఎడమచేత్తో చూపిస్తూ నేర్పేది. పొయ్యిలో బూడిద ఎత్తి బయట పారేయబోతే ఆపింది.

"దాన్ని పారేయకు. ఐసు మీద కంకర కన్నా బూడిదే బాగా పట్టుకుంటుంది. మా అమ్మ అంతా బూడిదే చల్లేది."

ఇంకో రోజు సూపు తాగుతూ, "నువ్వు లేకపోతే ఈ చలికాలం నా గతేమయ్యేదో," అంది. నేను కట్టెలు తెస్తానని లేచి బయటికి వెళ్ళాను.

కళ్యాణికి చెప్పాను. ఆమె మంచం అంచున కూర్చుని చాలాసేపు జుట్టుముడి విప్పడం, చుట్టడం చేసింది.

"సంతకం అయినంక చెప్దాం," అంది చివరికి.

"తప్పు గాదా?"

"తప్పే. చెప్తే ఇల్లు పోతది. నువ్వు పిల్లను తీసుకొని పోతవ్. నేనొక్కదాన్ని ఉండాల్నా ఈడ?"

ఇద్దరం కలిసే దాచాం.

అమ్మ దగ్గర మాత్రం పది రోజులకి మించి ఆగలేకపోయాను. చెప్పేశాను. తిడుతుందనుకున్నాను.

"బోర్డు పెట్టినవారా?" అంది.

"బోర్డు ఏడుంటదమ్మా ఈడ?"

"మనిషివైతే ఉన్నవ్ గదా. నిలబడి ఆగమనాలె." మెట్ల మీద ఎవరికో దారిచ్చి మళ్ళీ అడిగింది. "ఆమెకు జెప్పినవా?"

"లేదు."

"ఎందుకు?"

"ఇల్లు పోతదమ్మా."

ఫోన్ పెట్టేసింది. తర్వాత వారం రోజులు టీ బ్రేక్‌లో ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు.

ఎనిమిదో రోజు మా తమ్ముడు స్వామి చేశాడు. వాడు గొంతు తగ్గించి మాట్లాడితే నాకు భయం.

"అన్నా, ఏమైంది మీకు? అమ్మ వారం సంది గడప ముంగట నీళ్ళు చల్లుతలేదు. ఊడుస్తది, లోపలికొస్తది. మా ఆమె చల్లబోతే బకెట్టు గుంజుకున్నది. ఈ పొద్దు పక్కింటి ఈరమ్మత్త ఏడ్చుకుంట వచ్చింది."

"ఈరమ్మత్త ఎందుకు ఏడ్చుడు?"

"గల్లోళ్ళు నువ్వే పోయినవనుకున్నరన్నా. దూరం దేశంల ఏమన్న అయ్యింది, అమ్మ దాస్తున్నదనుకున్నరు. దండ గిట్ల తెద్దామా అని అడుగుతున్నరు."

"అమ్మేమన్నది?"

"ఎవలు పోలే, మా ఇంటామెకు చెయ్యి ఇరిగిందన్నది. నా మాట విన్నందుకే ఇరిగింది, అది అతుక్కునేదాక నా గడప ఎండనే ఉంటదన్నది. ఇంటామె ఎవలన్నా? మనకు కిరాయికుండేటోళ్ళు గూడ లేరు గదా."

*

ఆ మధ్యాహ్నం కళ్యాణి డ్యూటీలో ఉంది, యశస్విని బడిలో ఉంది. నేను నాలుగైదు వాక్యాలు కాగితం మీద రాసుకుని కిందికి వెళ్ళాను. కూర్చోమంది, కూర్చోలేదు. నా జర్మన్ ఎలా ఉంటుందంటే ఇలా ఉంటుంది:

"ఇంటి కప్పు కాదు. నేను. ఆ రోజు కంకర తీశాను. నీళ్ళు పోశాను. మా ఇంట్లో రోజూ పోస్తాం. నువ్వు పడ్డావు. నేను కంకరతో కప్పాను. చెప్పలేదు. ఇల్లు కోసం చెప్పలేదు."

హెడ్విగమ్మ నా మొహం చూసింది, తర్వాత తన కట్టు చూసుకుంది.

"వేడినీళ్ళా?"

"అవును."

"మైనస్ పద్నాలుగులో."

"అవును."

"పైకి వెళ్ళు," అంది.

రెండు రోజులు కింద తలుపు తెరుచుకోలేదు. పొయ్యి తనే రాజేసుకుంది. ఎడమచేత్తో ఎత్తిన కట్టెలు జారి నేల మీద పడటం పైకి వినిపించేది. నేను వెళ్ళి తలుపు కొడితే జవాబు లేదు. కళ్యాణి నాతో గొడవ పడలేదు. యశస్విని బట్టల్లో పొట్టివైపోయినవి ఏరి, ఊరికి తీసుకెళ్ళాల్సినవి వేరే మడతపెట్టడం మొదలుపెట్టింది. అది చూస్తే తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మూడో రోజు ఆదివారం. మధ్యాహ్నం మెట్ల మీద నెమ్మదిగా అడుగులు వినిపించాయి. హెడ్విగమ్మ వచ్చి మా వంటింటి బల్ల దగ్గర కూర్చుంది.

"ఎందుకు పోస్తారు?" అని అడిగింది.

కోపంతో అడిగినట్టు లేదు. ఆవులేవి, కట్టెలు ఎందుకు పేరుస్తారు అని నేనడిగినట్టే అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను, మిగతాది కళ్యాణి చెప్పింది. చావు వచ్చిన ఇంటి ముందే నీళ్ళు చల్లరని, గడప ఎండితే జనం వచ్చి ఎవరు పోయారని అడుగుతారని.

"మీ అమ్మ ఇప్పుడూ పోస్తోందా?"

కళ్యాణి నావైపు చూసింది. "లేదు," అన్నాను. ఎందుకో కూడా చెప్పాను.

"చూపించు."

ఈసారి అమ్మ ఫోన్ ఎత్తింది. నిజం చెప్పేశానని, ఆవిడ ఎడమచేత్తోనే పొయ్యి రాజేసుకుంటోందని ముందు చెప్పాను. ఆదివారమైనా డ్యూటీ చేసి అప్పుడే వచ్చినట్టుంది, నీలం యూనిఫాంలోనే ఉంది. గడప చూపించమన్నాను. ఫోను కిందికి తిప్పింది. ఊడ్చి ఉంది, బొట్టు నీరు లేదు. పాత ముగ్గు మరకలు కూడా చెరిగిపోయి దుమ్ము రంగుకి తిరిగింది. మా గడపని నేను పుట్టాక అలా చూసింది ఒక్కసారే, మా నాయన పోయినప్పుడు.

హెడ్విగమ్మ కట్టు కట్టిన చేతిని ఫోను ముందుకి ఎత్తింది. అమ్మ కాసేపు దాన్నే చూసింది.

"తప్పైంది తల్లీ," అంది తెలుగులోనే. "ఆడు నా మాట వినే పోసిండు. తప్పు నాది."

కళ్యాణి చెప్పింది. హెడ్విగమ్మ తల అడ్డంగా ఊపింది. "పోయమని చెప్పు. అక్కడ గడ్డకట్టవు కదా."

"కట్టు ఇప్పిండ్రా?" అని అడిగింది అమ్మ.

"ఇంక మూడు వారాలు అత్తమ్మా," అంది కళ్యాణి.

"అయితే మూడు వారాలైనంకనే చల్లుత. మా కంపెనీల ఎవలన్న జారి పడితే ఆ ఫ్లోరు తుడిచినామెను డ్యూటీల నుంచి దింపేస్తరు. ఈడ నన్నెవలు దింపాలె? నేనే దిగిన."

ఇది చెప్పడానికి కళ్యాణికి చాలాసేపు పట్టింది. అంతా విన్నాక హెడ్విగమ్మ వాళ్ళ యాసలో ఏదో ఒక్క మాటంది. కళ్యాణి నవ్వు ఆపుకుంది.

"ఏమంటున్నది?" అంది అమ్మ.

"మొండిదానివంటున్నది."

"ఆమెకు గూడ అదే చెప్పు. ఎడమ చేత్తోని పొయ్యి ఎలిగిస్తున్నదంట గదా."

హెడ్విగమ్మ లేచి కిందికి వెళ్ళిపోయింది. సంతకం గురించి ఒక్క మాట లేదు. మర్నాడు పొద్దున కింద తలుపు మాత్రం తెరిచే ఉంది. నేను వెళ్ళి పొయ్యి రాజేశాను.

*

ఫిబ్రవరి ఇరవై ఐదున కట్టు విప్పారు. నేనే తోడు వెళ్ళాను, బస్సులో. మలుపు మలుపుకీ డ్రైవరు గేరు ఎక్కడ మారుస్తున్నాడో నేను చూస్తుంటే, ఆమె కోటు మీద పెట్టుకున్న తన చేతిని చూసుకుంటూ కూర్చుంది. చెయ్యి సన్నబడి, పాలిపోయి ఉంది. ఇంటికొచ్చేసరికి ఒంటిగంట. తన గుమ్మం దగ్గర ఆగకుండా నేరుగా మా మెట్లు ఎక్కింది.

"ఫోన్," అంది.

ఖాజాగూడలో సాయంత్రం ఐదున్నర. అమ్మ, స్వామి, స్వామి భార్య, ఈరమ్మత్త, ఇంకా గల్లీలో సగం మంది ఉన్నారు. ఈ రోజే కట్టు విప్పుతారని స్వామి అందరికీ చెప్పేసినట్టున్నాడు. హెడ్విగమ్మ చెయ్యెత్తి, వేళ్ళు మూసి, తెరిచింది. పూర్తిగా తెరుచుకోలేదు గానీ తెరుచుకుంది.

అమ్మ ఫోను స్వామి చేతికిచ్చింది. కొంగు దోపుకుని బకెట్టు తెచ్చింది.

"సందెపూట సాన్పేందే?" అంటోంది ఈరమ్మత్త వెనక నుంచి.

"మా ఇంట్ల ఇప్పుడే తెల్లారింది, నువ్వు గమ్మునుండు."

నీళ్ళు పడ్డాయి. నెల రోజులుగా ఎండిన నేల మీద నీళ్ళు పడిన చప్పుడు ఫోనులోంచి ఆ వంటింట్లోకి వచ్చింది. అమ్మ మణికట్టు విసిరినప్పుడల్లా బల్ల మీద హెడ్విగమ్మ మణికట్టు కూడా కొంచెం కొంచెం కదులుతోంది. నొప్పికి పెదవి బిగిస్తోంది, అయినా కదుపుతోంది.

"ముందుగాల సుక్కలు," అని చెబుతూ అమ్మ నాలుగు చుక్కలు పెట్టింది. "అటెన్క గీతలు." చుట్టూ గీత తిప్పింది. తర్వాత లోపలికెళ్ళి, ఒక మూల విరిగిన పసుపురంగు బోర్డు తెచ్చి తడి గడప పక్కన నిలబెట్టింది. కంపెనీలో పక్కన పడేసినదాన్ని సూపర్‌వైజర్ని అడిగి తెచ్చుకుందట. గల్లీ అంతా నవ్వింది. హెడ్విగమ్మ నవ్వలేదు. ఆ బోర్డునే చాలాసేపు చూసింది.

ఫోను పెట్టేశాక కళ్యాణి కాగితమూ పెన్నూ తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆఫీసు గడువు ఇంక మూడు రోజులే ఉంది.

హెడ్విగమ్మ పెన్ను పట్టుకోబోయింది. వేళ్ళకి పట్టు చిక్కలేదు, పెన్ను జారి కిందపడింది. "ఈ చెయ్యి ఈ రోజు రాయదు," అంది. కాగితం మడిచి కోటు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ మాట పెన్ను గురించి అందో, మా గురించి అందో నాకు తెలియలేదు. కళ్యాణిని అడగడానికి ధైర్యం చాలలేదు.

మర్నాడు ఆరింటికి పార తీసుకుని దిగాను. రాత్రి పల్చగా మంచు పడింది. తలుపు అప్పటికే ఓరగా తీసి ఉంది. గుమ్మం ముందు మంచు ఎవరో తోసేశారు, అంచు తిన్నగా లేదు, పాము పాకినట్టు ఉంది. పలకల పక్కన బూడిద బకెట్టు.

నల్లరాతి మీద బూడిదతో నాలుగు చుక్కలు పెట్టి ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి పక్కకి జరిగిపోయింది. మధ్యలో గీతలు లేవు. బకెట్టు కింద మడిచిన కాగితం ఉంది. మడతలోంచి సంతకం కనిపిస్తోంది, ఆ చుక్కల్లాగే వంకరగా.

కిటికీ వైపు చూశాను. తెర కదిలింది, మనిషి కనిపించలేదు.

కాగితం తీసి చొక్కా లోపల పెట్టుకున్నాను. తర్వాత ఆ చలిలో గొంతుక్కూర్చుని, గుప్పెడు బూడిద తీసుకుని, చుక్కలు కలిపాను.